తోట ఇంకా రాలేదు

పొద్దున్న ఐదున్నరకల్లా బస్టాండులో మైకు గది తాళం తీసి, ఫ్యాను వేసి, గొంతు సవరించుకుని "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటే ఆ ఊరికి తెల్లారినట్టు లెక్క. పదహారేళ్ళుగా ఆ మాట అంటున్నది ఒకే మనిషి. ఆమెకి పుట్టింటివాళ్ళు పెట్టిన పేరొకటి, ఆఫీసు కాగితాల్లో ఇంకాస్త పొడుగ్గా అదే పేరూ ఉన్నాయిగానీ, డ్రైవర్ల దగ్గర్నుంచి వీధిలో పిల్లల దాకా అందరికీ ఆమె మైకక్కే. కోపమొచ్చినప్పుడు వాళ్ళాయన కూడా "ఏం మైకక్కగారూ" అంటాడు, వరస కుదరకపోయినా.

మైకు గదికి మూడు వైపులా అద్దాలు. బయటున్నవాళ్ళకి లోపలి మనిషి కనిపించదు, లోపలున్న మనిషికి బయటి లోకమంతా కనిపిస్తుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం నుంచి కదులుతుందో మూడుసార్లు చదవడం ఆమె పని. ఒక్కసారి తక్కువ చదివినా జనం నమ్మరు. మొదటి రెండేళ్ళు కాగితం చూసి చదివింది. తర్వాత కాగితం అక్కర్లేకపోయింది. ఆ తర్వాత తను కూడా అక్కర్లేకపోయింది. నోటి దారి నోటిది, బుర్ర దారి బుర్రది. ఏం చదివిందో తన చెవికే ఎక్కేది కాదు. ఒకసారి మేనేజరుగారు తలుపు తీసి "నా టీలో పంచదార వెయ్యొద్దని చెప్పమ్మా" అంటే ఆ ముక్క కూడా మూడుసార్లు మైకులో చదివేసింది. నెల్లాళ్ళపాటు కండక్టర్లందరూ ఆయన షుగరు ఎంతుందో కనుక్కుంటూనే ఉన్నారు.

మరి నోరు పనిలో ఉంటే బుర్ర ఏం చేసేది? టైమ్‌టేబుల్ దిద్దేది. సొరుగులో ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. పెద్ద ఊళ్ళో హెడ్డాఫీసువాళ్ళు వేసి పంపిన టైమ్‌టేబుల్ ఎడమ పేజీలో, ఆమె దిద్దింది కుడి పేజీలో. కాలనీల నుంచి వచ్చే బస్సు ఆరూ నలభైకి బస్టాండు చేరుతుంది. ఆస్పత్రి వైపు వెళ్ళే బస్సు ఆరూ ముప్పైఅయిదుకే కదిలిపోతుంది. మళ్ళీ ఏడూ ఇరవైకిగానీ ఇంకోటి లేదు. ఈ లెక్క వేసిన మహానుభావుడు జన్మలో బస్సెక్కి ఉండడని ఆమె నమ్మకం. రోజూ ఒక నర్సమ్మ కాలనీ బస్సు దిగీ దిగగానే భుజాన సంచీ ఎగురుతుంటే పరిగెత్తేది, ఖాళీ ప్లాట్‌ఫారం చూసి ఆగేది. అద్దాల వెనక కూర్చుని మైకక్క అది రోజూ చూసేది. కుడి పేజీలో ఆరూ ముప్పైఅయిదుని కొట్టేసి ఆరూ నలభైఅయిదు అని ఎప్పుడో రాసుకుంది. రాసుకుని ఏం లాభం, పుస్తకం సొరుగులో ఉంది.

సెలవులకి రెండు రోజుల ముందు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. టైమ్‌టేబుల్ సెక్షన్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉందట, వచ్చి కూర్చోమన్నారు. ఉండడానికి ఆరో నంబరు క్వార్టరు, వెనకాల కాస్త ఖాళీ స్థలం. ఇరవై రెండో తారీఖు సోమవారం సాయంత్రం ఐదు లోపు మేనేజరు చేతికి జవాబు రాసివ్వాలి. ఇలా పిలవడం ఇది మూడోసారి. కింద ఎర్ర సిరాతో "ఇకమీదట పిలవబడదు" అని ఎవరో చేత్తో రాశారు. ఆ మనిషికి విసుగొచ్చినట్టుంది, పాపం.

మొదటి రెండుసార్లూ ఆమె రాసిన జవాబు ఒకటే. "ఇంటి దగ్గర తోట ఉంది. వదిలి రాలేను."

తోట ఉన్నమాట నిజమే. వంటింటి మెట్లు దిగితే నాలుగు మంచాలు వేసేంత జాగా. పదమూడేళ్ళ కిందట, కూతురు కడుపులో ఉండగా నాటిన నిమ్మచెట్టు, దడి మీద చిక్కుడు పాదు, తొమ్మిది టమాటా మొక్కలు, రెండు గులాబీలు, తూము పక్కన పుదీనా. టమాటాలకి ఊతంగా డిపోలో పారేసిన పాత బస్సు బోర్డులు పాతింది. అందుకని తోటలోకి దిగితే ఏ ఊరికి వెళ్ళాలన్నా బోర్డు కనిపించేది.

ఆ వీధిలో ఇంటివాళ్ళు సెలవులకి ఊరెళ్తే తోటలూ వెళ్తాయి. నీళ్ళు పోసే దిక్కు లేకుండా ఎండలో మాడుతూ పడుండడానికి వాటికేం ఖర్మ? వెళ్ళే ముందు ఇంటావిడ మొక్కలన్నిటికీ తిరిగొచ్చే తారీఖు చెప్పాలి. ఆ రోజుకి ముందే వచ్చి వేటి గుంటల్లో అవి నిలబడతాయి. ఎక్కడికెళ్ళారని అడగడం మర్యాద కాదు, ఎక్కడికెళ్ళమని చెప్పడం అంతకన్నా కాదు. వదిలిన గుంటలు ఎండిపోకుండా తడిగోనెలు కప్పితే చాలు, ఊళ్ళో ఉన్న పక్కింటివాళ్ళెవరో వాటి మీద చెంబెడు నీళ్ళు చల్లుతారు. ఒక ఏడాది వీళ్ళ పుదీనా వేళ్ళలో ఆల్చిప్పలు ఇరుక్కుని వచ్చాయి. మైకక్క వాటిని కడిగి కిటికీలో పెట్టింది, ఎక్కడివని అడగలేదు.

మూడో తారీఖు పొద్దున్న బయలుదేరేటప్పుడు ఇల్లంతా హడావిడి. కూతురు ఒక చెప్పు దొరకలేదని అరుస్తోంది. వాళ్ళాయన సంచులు గుమ్మంలోకి చేర్చి తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు. మైకక్క హ్యాండుబ్యాగులో ఉత్తరం ఉంది, బుర్రంతా దాని మీదే ఉంది. మొక్క మొక్క దగ్గరికీ వెళ్ళి చెప్పే తీరిక లేదు. వంటింటి మెట్ల మీద నిలబడి, అలవాటున్న గొంతుతో అందరికీ కలిపి మూడుసార్లు చదివేసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

వాళ్ళాయన తాళం వెయ్యకుండా ఒక్క క్షణం ఆమెనే చూశాడు.

"ఏంటలా చూస్తారు? బస్సు పోతుంది," అంది.

"ఏం లేదు," అని తాళం వేశాడు. కూతురు మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు ఆపుకోడానికో దేనికో.

సముద్రం దగ్గర వాళ్ళక్కయ్య ఇంట్లో రెండు వారాలున్నారు. పేరుకి సెలవులు. మైకక్క ఒక్కపూట స్థిమితంగా కూర్చున్నది లేదు. అలలు చూస్తూ చూస్తూ టైమెంతయిందని అడిగేది. ఆరూ ముప్పైఅయిదు అయిందంటే "ఆస్పత్రి బస్సు వెళ్ళిపోయుంటుంది" అనేది. వాళ్ళక్కయ్య విసిగిపోయి "నువ్వు సెలవు పెట్టావుగానీ నీ నోటికి పెట్టలేదా?" అని అడిగేసింది.

పద్దెనిమిదో తారీఖు గురువారం మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. మైకక్క చెప్పులైనా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి పెరటి తలుపు తీసింది.

తోట రాలేదు.

తడిగోనెలు ఎలా కప్పినవి అలాగే ఉన్నాయి. దడి బోసిగా ఉంది. నిమ్మచెట్టు గుంట ఇంత లోతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. గుంటకి అవతల పక్కింటి గోడ కనిపించింది, దాని మీద కాకి కనిపించింది, ఆ కాకికి కూడా ఏం తోచనట్టుంది.

"సాయంత్రానికి వస్తాయిలే," అన్నాడు వాళ్ళాయన వెనక నుంచి.

సాయంత్రానికి రాలేదు. పక్కింటి టైలరు పిన్నిగారి తోట బుధవారమే వచ్చి కూర్చుంది. ఆవిడ గులాబీలు ఎండకి నల్లబడ్డాయి, బెండ మొక్కలు బాగా ఒళ్ళుచేశాయి. ఆవిడ గోడ మీద నుంచి తొంగిచూసింది, నోట్లో రెండు గుండుసూదులున్నాయి.

"తారీఖు సరిగ్గానే చెప్పావా అమ్మాయ్?"

"చెప్పకేం పిన్నిగారూ! మూడుసార్లు చెప్పాను."

"నువ్వు చెప్తే వినకపోవడమేంటి, ఊరంతా వింటుంటేనూ," అని ఆవిడ సూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. "దారిలో ఉంటాయిలే. నిమ్మచెట్టంటే నడక నెమ్మదిగా."

శుక్రవారం డ్యూటీకి వెళ్ళింది. కాలనీ బస్సు ఆరూ నలభైకి వచ్చింది, నర్సమ్మ దిగింది, పరిగెత్తింది, ఆగింది. రోజూ అయితే వెళ్ళి బెంచీ మీద కూర్చునేది. ఆ రోజు ఏమనుకుందో తిన్నగా మైకు గది దగ్గరికి వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది. మైకక్క చిన్న కిటికీ తీసింది. పదహారేళ్ళలో ఆ మనిషిని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. కణతల దగ్గర చెమట, సంచీ మీద గుడ్డతో కుట్టిన నక్షత్రం.

"మైకులో మాట్లాడేది మీరేనా? మా బస్సు వచ్చేసరికే మీరు చెప్పడం అయిపోతుందండీ, అయినా ఒకవేళ ఉంటుందేమోనని పరిగెత్తుతాను. కాస్త ఆలస్యంగా చెప్పకూడదూ? పది నిమిషాలు. అంతే."

"నేను చెప్పినా చెప్పకపోయినా అది వెళ్ళిపోతుందమ్మా. బస్సు నా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది?"

మైకక్క చెయ్యి సొరుగు పిడి మీదికి వెళ్ళి ఆగింది. నర్సమ్మ సంచీ సర్దుకుని, "నైటు డ్యూటీ చేసినామె నేను వెళ్ళేదాకా ఇంటికి కదలడానికి లేదండీ. అందుకని అడిగాను, ఏమనుకోకండి," అని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఆ తర్వాత మైకక్క ఏ బస్సుకి ఏ ప్లాట్‌ఫారం చదివిందో దేవుడికెరుక. ఒక పెళ్ళివారి గుంపు ఎనిమిదో నంబరు దగ్గర గంటసేపు నిలబడిందని మాత్రం తెలిసింది.

శనివారం కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పెరటి తలుపు తియ్యడం, చూడడం, వెయ్యడం. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, ఇంకో గిన్నెలో అసలే వెయ్యలేదు. వాళ్ళాయన రెండూ కలుపుకుని తిన్నాడు. ఆయనది మంగలి షాపు, బస్టాండుకి ఎదురుగానే. పొద్దున్నించి సాయంత్రం దాకా పెళ్ళాం గొంతు వింటూ కత్తెర ఆడించే మనిషి. నిదానస్తుడు. చెవి పక్కన కత్తి పెట్టుకుని బతికేవాడికి నిదానం లేకపోతే ఎలా? కానీ ఆ నిదానమే ఆమెకి ఒంటికి కారం రాసినట్టుండేది.

"సోమవారం జవాబివ్వాలి. మీరేమంటారు?" అంది.

"నీ ఇష్టం."

"నా ఇష్టమని నాకు తెలుసు. మీ ఇష్టం అడుగుతున్నాను."

"నా ఇష్టం కూడా నీ ఇష్టమే."

"గోడకి చెప్పుకున్నా నయం. గోడైతే కనీసం నీ ఇష్టం అనదు!" అని చేతిలో గరిట సింకులో పడేసింది.

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి గోనెల మీద నీళ్ళు చల్లి వచ్చాడు. తర్వాత అరుగు మీద కూర్చుని కత్తెరలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే సానపెట్టడం మొదలెట్టాడు. ఏడాదికొకసారి చేసే పని అది, ఇంకా ఆర్నెల్లు టైముంది. ఆమె ఉన్న చిరాకులో అది గమనించలేదు. కూతురు గమనించింది. గమనించి, తన పుస్తకాల్లో అక్కర్లేనివి వేరే పెట్టడం మొదలెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మైకక్క తెల్లకాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. "అయ్యా, ఇంటి దగ్గర తోట" అని రాసి ఆగింది. తలెత్తితే తెరిచిన తలుపులోంచి గోనెలు కనిపిస్తున్నాయి. ఉంది అని ఎలా రాస్తుంది? కొట్టేసింది. "ఇంటి దగ్గర తోట వస్తుంది" అని రాసింది. అదేం మాట? అదీ కొట్టేసింది. ఇంకేం కారణం రాద్దామా అని ఆలోచించింది. కూతురి చదువా? పెద్ద ఊళ్ళో బళ్ళకి కొదవా? ఆయన షాపా? ఆయనకి ఉన్నది అద్దె గది, నాలుగు కత్తెరలు, రెండు కుర్చీలు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి చూసింది, ఏదీ నిలబడలేదు. పదమూడేళ్ళుగా ఆ నిమ్మచెట్టొక్కటే పాపం ఆమెని కాసుకొచ్చింది.

అప్పుడు ఆమెకి తనంటే సిగ్గేసింది. మూడు రోజులుగా ఎదురుచూస్తున్నది నిమ్మచెట్టు కోసం కాదు, అది తెచ్చిచ్చే సాకు కోసం. అసలు సంగతి భయం. ఎవరో రాసిన తప్పు మూడుసార్లు చదవడం హాయి. జనం తిడితే కాగితాన్ని తిడతారు. ఆ కుర్చీలో కూర్చుంటే రాసేది తనే. తన లెక్క తప్పితే ఎక్కడో ఎవరో సంచీ పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోతారు, వాళ్ళు నిలబడడం చూడడానికి అక్కడ మైకు గది అద్దాలు కూడా ఉండవు. వద్దనుకుంటే నర్సమ్మ అడిగిన ప్రశ్న చెవిలో రొద పెడుతోంది.

కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. లేచి మళ్ళీ పెరటి తలుపు తీసింది.

"ఎందుకమ్మా అన్నిసార్లు చూస్తావు?" అంది కూతురు. "నువ్వు చెప్పినచోటే ఉంటాయి."

"నేనెక్కడ చెప్పానే? తారీఖు చెప్పాను, అంతే."

కూతురు నాన్న వంక చూసింది. ఆయన గట్టిగా దగ్గాడు. ఆ పిల్ల నోరు మూసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకి మేనేజరుగారు మైకు గదిలో తల పెట్టి "ఏమ్మా, కాగితం?" అన్నాడు. "ఐదింటి దాకా టైముంది కద సార్," అంది. "ఉంది, ఉంది. ఈలోపు గడ్డం గీయించుకొస్తాను," అని ఎదురుగా షాపుకి వెళ్ళాడు. మైకక్క జాకెట్లోంచి కాగితం తీసి విప్పింది. కొట్టివేతలు తప్ప దాని మీద ఏమీ లేదు. నాలుగూ పదయింది. నాలుగూ ఇరవయింది. నాలుగున్నర బస్సుకి ముందస్తు ప్రకటన మూడుసార్లు చదివింది. చదివాక మైకు స్విచ్చు ఆపాలి, ఆపలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది.

"హలో, ఏడో డిపో బస్టాండేనా?" ఎవరో పెద్దాయన. "నేను పెద్ద ఊరి నుంచండీ, స్టాఫు క్వార్టర్ల వాచ్‌మన్ని. ఆరో నంబరు ఇంటికి రావలసిన ఆవిడ మీ దగ్గరే పనిచేస్తారటగా?"

"నేనేనండీ. ఇంకా ఏమీ తేల్చుకోలేదు... ఏమైంది?"

"మీ తోట వచ్చిందమ్మా."

మైకక్క రిసీవరు చెవికి గట్టిగా అదుముకుంది.

"వచ్చి నాలుగు రోజులైంది. చిక్కుడు పాదు, టమాటాలు, గులాబీలు, అన్నీ ఇంటి వెనక జాగాలో సర్దుకు నిలబడ్డాయి. పాపం బాగా నడిచినట్టున్నాయి, మోకాళ్ళ దాకా దుమ్ము. ఎవరివా అని చూస్తే టమాటాలకి కట్టిన బోర్డుల మీద మీ డిపో నంబరుంది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. నిమ్మచెట్టుతోనే చిక్కొచ్చింది."

"నిమ్మచెట్టుకేమైంది?" ఆమె గొంతు పైకి లేచింది. అంత గొంతూ బయట బస్టాండు నాలుగు మూలల్లో ఉన్న స్పీకర్లలోంచి వినబడింది. వేరుశనగలు తింటున్నవాళ్ళు నమలడం ఆపారు. ఒక డ్రైవరు మెట్ల మీదే నిలబడిపోయాడు.

"లోపలికి రావట్లేదమ్మా. గేటు దగ్గరే నిలబడింది, రోడ్డు వైపు తిరిగి. ఎంత చెప్పినా కదలదు. నీళ్ళు పోస్తే తాగుతోంది, మళ్ళీ రోడ్డే చూస్తోంది."

"అంత దూరం ఎందుకొచ్చాయండీ? నేను రమ్మనలేదే?"

"నన్నడిగితే నేనేం చెప్పనమ్మా! చెప్పి పంపకుండా ఏ తోటా ఇంత దూరం నడవదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు."

"ఎవరు చెప్తారు? నేను..."

అద్దం మీద టకటకమని చప్పుడైంది. వాళ్ళాయన. చేతిలో దువ్వెన, చెవి మీద ఇంకో దువ్వెన, రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. ఆయన పరిగెత్తడం ఆమె పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. వెనకే మేనేజరుగారు, మెడలో తెల్లగుడ్డతో, ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో. మైకక్క చిన్న కిటికీ తీసింది.

"నువ్వే చెప్పావు," అన్నాడు వాళ్ళాయన.

"ఏం చెప్పాను?"

"ఆ రోజు మెట్ల మీద నిలబడి. 'పెద్ద ఊరికి వెళ్ళు సర్వీసు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది, పెద్ద ఊరికి వెళ్ళవలసినవారు దయచేసి త్వరపడవలెను' అన్నావు. మూడుసార్లు అన్నావు. తారీఖు ఊసే ఎత్తలేదు."

ఆ మాటలూ స్పీకర్లలో పడ్డాయి. బస్టాండులో ఎవరో అయ్యయ్యో అన్నారు.

"మరి నాకు చెప్పలేదేం?" మైకక్కకి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇన్నాళ్ళూ పిచ్చిదానిలా తలుపు తీసి చూస్తుంటే, గోనెలు తడుపుతూ కూర్చున్నారా?"

"చెప్తే నా మాట మీద వెళ్ళినట్టుండేది," అన్నాడాయన. ఆయాసం ఇంకా తగ్గలేదు. "పదహారేళ్ళుగా ఊరందరికీ దారి చెప్తున్నావు. నీకు దారి నేను చెప్పనా? ఏదో ఒకరోజు నువ్వే వింటావని చూశాను."

"మీ షాపు?"

"జుట్టు పెరగని ఊరుందా?"

ఫోనులో వాచ్‌మన్ ఇంకా ఉన్నాడు. "అమ్మా, ఉన్నారా? నాకొక మాట చెప్పెయ్యండి. మీరు వస్తున్నట్టా, రానట్టా? రాకపోతే ఫరవాలేదు, ఆ నిమ్మచెట్టుకి ఉన్నమాట చెప్పేస్తాను. అలా ఎదురుచూస్తూ నిలబడితే నాకు చూడబుద్ధి కావట్లేదు."

మైకక్క నోరు తెరిచింది. పెద్ద గడియారంలో నాలుగున్నర దాటింది. ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఎనిమిదో ప్లాట్‌ఫారం దాకా జనమంతా ఈ అద్దాల వైపే చూస్తున్నారు, ఎవరూ కనిపించని అద్దాల వైపు. మేనేజరుగారి బుగ్గ మీద నురగ ఎండిపోతోంది. భయం పోలేదు. ఎక్కడిది అక్కడే ఉంది. అయినా నోరు ఆగలేదు.

"వస్తున్నాం," అంది.

అనగానే ఆ మాట బయట స్పీకర్లలోంచి తిరిగొచ్చి ఆమె చెవిన పడింది. ఎవరిదో ఆడమనిషి గొంతు. కాస్త బొంగురుగా, కాస్త వణుకుతూ. ఎవరిదా అని తల తిప్పి, తనదేనని తెలుసుకుంది. పదహారేళ్ళలో ఆమె తన గొంతు వినడం అదే మొదలు.

"వస్తున్నాం," అని మళ్ళీ అంది, ఈసారి వింటూ. "నిమ్మచెట్టుకి చెప్పండి, వస్తున్నాం."

మూడుసార్లయింది. జనం నమ్మారు. డ్రైవరు మెట్లెక్కి బస్సు కదిలించాడు. మేనేజరుగారు కిటికీలోంచి చెయ్యి చాచాడు. మైకక్క కొట్టివేతలన్నిటి కిందా ఆ ఒక్క మాట రాసి, సంతకం పెట్టి, నురగ అంటకుండా ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

ఆ వర్షాకాలం దాటాక హెడ్డాఫీసు నుంచి కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది. మైకు గదిలో కొత్తగా చేరిన అమ్మాయి కాగితం చూసి తడుముకుంటూ చదివింది. ఆస్పత్రి వైపు వెళ్ళు బస్సు ఆరు గంటల నలభైఅయిదు నిమిషాలకు బయలుదేరును. నర్సమ్మ కాలనీ బస్సు దిగి అలవాటుకొద్దీ నాలుగడుగులు పరిగెత్తింది. బస్సు నిలబడే ఉంది. ఆమె ఆగి, జారిన సంచీ భుజాన వేసుకుని, మిగిలిన దూరం నడిచి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.